జాగ్రత్త: గుంటూరు దాకా కూడా మోయలేని డైపర్ బ్యాగు

విజయవాడ బీసెంట్ రోడ్డులో గానీ ఆ చుట్టుపక్కల సందుల్లో గానీ చంటిపిల్లల సామాను కోసం వీపుకి తగిలించుకునే డైపర్ బ్యాగు కొనబోతున్నవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదివి వెళ్లండి. 1,850 రూపాయలు పెట్టి కొన్న బ్యాగు మొదటి ప్రయాణంలోనే గుంటూరు బస్టాండులో నా పరువు తీసింది.

మా పాపకి ఏడో నెల. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలకి వెళ్లేవాళ్లమే. మా అత్తగారిల్లు గుంటూరు బ్రాడీపేటలో, రెండు వారాలకోసారి ఆదివారం వెళ్లొస్తుంటాం. అప్పటిదాకా పాప సామానంతా బట్టల షాపువాళ్లు ఇచ్చిన గుడ్డ సంచిలోనే. ఒక చేతిలో పాప, ఇంకో చేతిలో సంచి, బస్సెక్కేటప్పుడు కడ్డీ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అందుకే రెండు భుజాలకీ తగిలించుకునే బ్యాగు కొందామనుకున్నాం. ఆ ఆలోచన తప్పు కాదని ఇప్పటికీ అంటాను. నేను కొన్న తీరులోనే ఉంది తప్పంతా.

షాపు పేరు రాయడం లేదు. అదే సరుకు ఆ వరసలో ఇంకో రెండు చోట్ల వేలాడుతూ కనిపించింది కాబట్టి పేరు రాసినా పెద్ద ఉపయోగం లేదు. కుర్రాడు మాత్రం మాటకారి. ఒక్కో జిప్పూ తెరిచి చూపించాడు. "ఇది పాలసీసాలకి సార్, ఆరు గంటలైనా వేడి పోదు. ఇది వైప్స్‌కి, బ్యాగు తెరవక్కర్లేదు, పక్క నుంచే లాగొచ్చు. ఇది తడిబట్టలకి. ఇది మేడం ఫోనుకి." మొత్తం పద్దెనిమిది అరలు. చివరగా నీళ్లసీసా మూతతో బ్యాగు మీద నాలుగు చుక్కలు పోస్తే ముత్యాల్లా జారిపోయాయి. ఆ నాలుగు చుక్కలకే పడిపోయాం. 2,600 చెప్పాడు, 1,850కి తెగింది. బిల్లు అడిగితే "జీఎస్టీ వేస్తే ఇంకో మూడొందల చిల్లర అవుతుంది సార్, మీ ఇష్టం" అన్నాడు. బేరంలో గెలిచానన్న సంబరంలో ఉన్నాను కదా, ఆ గెలుపు పాడు చేసుకోబుద్ధి కాలేదు. తెల్లచీటీ మీద అంకె రాసి, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని రబ్బరు స్టాంపు గుద్ది ఇచ్చారు. డబ్బు ఫోన్లో కొట్టాను.

ఆ తర్వాతి ఆదివారమే ప్రయాణం. పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కాం. లీటరు నీళ్లసీసా, అర లీటరు వేణ్ణీళ్ల ఫ్లాస్కు, పాలపొడి డబ్బా, ఎనిమిది డైపర్లు, వైప్స్ ప్యాకెట్, నాలుగు జతల బట్టలు, రెండు తువ్వాళ్లు, మా అత్తయ్యగారికి చిన్న సీసాలో ఆవకాయ. ఆవకాయ డైపర్ బ్యాగులో ఎందుకంటారా? ఖాళీ అర కనిపిస్తే మా ఆవిడ ఊరుకోదు.

మంగళగిరి దాటాక పాప ఏడుపు అందుకుంది. పాలపొడి తీద్దామని లాగితే జిప్పు రన్నర్ ఒకవైపు పళ్లు వదిలేసింది. ఇక ఎంత లాగినా వెనకాల తెరుచుకుపోతూనే ఉంది. కాజ టోల్‌గేట్ దగ్గర బస్సు ఆగినప్పుడు పక్కసీటు పిన్నిగారు జడపిన్ను ఇచ్చారు, దాంతో ఎలాగో పట్టించాం. గుంటూరులో దిగేసరికి వాన. షెడ్డు దాకా నడిచింది యాభై అడుగులు కూడా ఉండదు. ఎడమ భుజం బెల్టు పైన కుట్టు దగ్గర ఫట్‌మని ఊడి, బ్యాగు పక్కకి వాలి, సగం తెరుచుకున్న జిప్పులోంచి డైపర్లు ఒక్కొక్కటీ నీళ్లలోకి. ఆవకాయ సీసా మాత్రం పగల్లేదు, దేవుడున్నాడు.

ఇంటికెళ్లి తెరిచి చూస్తే లోపల బట్టలు కూడా తడి. నాలుగు చుక్కలు జారిన బ్యాగు ఎలా తడిసిందని అప్పుడు ఆలోచించాను. గుడ్డకి పూత ఉంటుంది, చుక్కలు ఆగేది దానివల్లే. కుట్టు వేసినచోట సూది చేసిన కన్నాలు, జిప్పు పళ్ల మధ్య సందులు మూయకపోతే నీళ్లు వెళ్లేది అక్కడినుంచే. కాబట్టి షాపులో గుడ్డ మధ్యలో పోసి చూపిస్తే లాభం లేదు, జిప్పు మీద పోయమనండి.

"ఆరు గంటల వేడి" గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఇది డబ్బుల గొడవ కాదు కాబట్టి. ఆ అరలో ఉన్నది సన్నటి స్పాంజి, దానిమీద వెండిరంగు కాగితం. అది నిజంగా పనిచేసినా సరే, కలిపిన పాలు గోరువెచ్చగా గంటల తరబడి ఉంచకూడదు, క్రిములు పెరిగేది ఆ వేడిలోనే. ఫ్రిజ్‌లో పెట్టని డబ్బాపాలు కలిపిన రెండు గంటలలోపు పట్టించాలి, మిగిలింది పారబోయాలి. మన విజయవాడ ఎండల్లో ఇంకా తొందరగా పాడవుతాయి. ఫ్లాస్కులో బాగా వేడినీళ్లు, పొడి విడిగా, కావలసినప్పుడు కలిపి, చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి పట్టండి. అందుకు మామూలు ఫ్లాస్కు చాలు, వెండికాగితం అర అక్కర్లేదు.

పక్కన ఛార్జింగ్ కన్నం కూడా ఉంది. లోపల చూస్తే ఉత్త వైరు. పవర్ బ్యాంకు మనమే కొనుక్కోవాలి. పిల్లల్ని తోసుకెళ్లే చంటిబండికి తగిలించుకోమని రెండు కొక్కేలు ఇచ్చారు, అవి మాత్రం వాడకండి. ఐదు కిలోల బ్యాగు చంటిబండి పిడికి వేలాడదీసి పిల్లని ఎత్తుకున్నారంటే బండి వెనక్కి తిరగబడుతుంది. పిల్ల అందులో ఉండగా బరువు మారినా అంతే. విప్పితే చిన్న పడకలా అయ్యే రకం కూడా చూపించారు మాకు. పసిపిల్లలు పడుకోవాల్సింది గట్టిగా, బల్లపరుపుగా ఉన్నచోట. మెత్తగా కుంగిపోయే ఆ తొట్టిలో నిద్రపుచ్చొద్దు.

సోమవారం సాయంత్రం షాపుకి తీసుకెళితే యజమాని అన్నమాట: "ఓవర్‌లోడ్ చేశారు సార్." మా వీధి కిరాణా కొట్టు కాటా మీద అదే సామాను తూయించి ఉంచాను, 5 కిలోల 200 గ్రాములు. ఐదు కిలోలు మోయలేని బ్యాగుకి పద్దెనిమిది అరలెందుకండీ అంటే, స్టాంపు చూపించాడు.

ఆ స్టాంపుకి భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోననడమూ అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువు రాసుంటే ఆలోపు, లేకపోతే 30 రోజుల్లోపు తీసుకోవాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు. నా దగ్గర ఉన్నవి తెల్లచీటీ, ఫోన్లో కట్టిన ఆధారం. ఆ ఆధారంలో షాపు పేరు కాకుండా ఎవరిదో మనిషి పేరు వచ్చింది, కొట్టేముందు అదీ చూసుకోవాల్సింది నేను. ఫిర్యాదు నంబరు వచ్చాక అది పట్టుకుని మళ్లీ వెళ్లాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదటండీ, రేపు అక్కడికే వెళ్తాను అన్నాను. ఆయన గొంతు కాస్త మారింది. ముందు అదే రకం ఇంకొకటి ఇస్తానన్నాడు, వద్దన్నాను. గంటసేపు గొడవయ్యాక వెయ్యి చేతిలో పెట్టాడు. ఇంకా పట్టుబడితే పూర్తిగా వచ్చేదేమో గానీ, పాప మా ఆవిడ చంకలో ఏడుస్తోంది.

బ్యాగు వన్‌టౌన్‌లో సంచులు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. లోపలి గుడ్డ తిప్పి చూపించాడు. బెల్టు కొస అర అంగుళం కూడా లోపలికి లేదు, దానిమీద ఒకే ఒక వరస కుట్టు. "బెల్టు లోపలికి పోవాలి బాబూ, పెట్టెలా చుట్టూ కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ వెయ్యాలి. అప్పుడు మోస్తుంది" అన్నాడు. 150 తీసుకుని నైలాన్ దారంతో కుట్టి, రన్నర్ కూడా మార్చాడు. కొనేటప్పుడు చూడాల్సింది ఇదే: బెల్టు మొదట్లో ఆ పెట్టె కుట్టు ఉందా లేదా. షాపులోనే రెండు లీటర్ల నీళ్లసీసాలు రెండు పెట్టి, ఒక్క భుజానికి తగిలించుకుని నాలుగుసార్లు ఎగరేయండి. ఎవరేమనుకున్నా సరే. తయారీదారు చిరునామా, ఎమ్మార్పీ, నెల, సంవత్సరం ఉన్న చీటీ లేకపోతే అక్కడే వదిలేయండి. మా దానికి ఒక ఇంగ్లీషు పేరున్న ట్యాగు తప్ప ఏమీ లేదు.

గుర్తుపట్టడానికి: ముందు జేబు మీద ఏనుగుపిల్ల బొమ్మ, ఇత్తడి రంగు జిప్పులు. మాది నలుపు. బూడిదరంగువి, గులాబీవి కూడా ఉన్నాయి. మొన్న శనివారం అటు వెళ్తే ఇంకా గుమ్మం ముందే వేలాడుతోంది, పొట్టనిండా పాత పేపర్లు కూరుకుని.