హైబ్రిడ్ కారుతో ఎనిమిది నెలలు: కాగితం మీది మైలేజీ, బంకులో తేలిన మైలేజీ

పన్నెండేళ్లు నడిపిన చిన్న పెట్రోల్ కారును అమ్మేసి, గత ఏడాది ఒక స్ట్రాంగ్ హైబ్రిడ్ ఎస్‌యూవీ తీసుకున్నాను, అంటే పెట్రోల్ ఇంజనుతో పాటు, కొంతదూరం తనంతట తానే కారును నడపగల బ్యాటరీ, మోటారు ఉన్నది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. నాకున్న అభ్యంతరం కారు మీద కాదు, ఆ కారుకు మైలేజీ అంకెను కట్టబెట్టిన ప్రభుత్వ లెక్క మీద. లీటరుకు ఇరవై ఐదు కిలోమీటర్లకు పైనే వస్తుందని బ్రోషర్లో అచ్చువేసిన ఆ అంకెను చూపించి షోరూములోని అబ్బాయి కారు అమ్మాడు; నిజంగా అంత వస్తుందా అని అడిగితే మాత్రం, "అది టెస్టులో వచ్చింది సార్, మీ డ్రైవింగును బట్టి ఉంటుంది" అని మెల్లగా పక్కకు జరిగాడు.

డాష్‌బోర్డు చూపించే సగటును నేను నమ్మను. కూకట్‌పల్లిలో ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ఆదివారం ఉదయం ట్యాంకు నింపించి, తిరిగిన కిలోమీటర్లను పోయించిన లీటర్లతో భాగించి నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. ఇందులో ఉన్న ఒకే ఒక్క చిక్కు రౌండ్ ఫిగర్. నాజిల్ దానంతటదే ఆగిపోగానే మీటరు 2,871 రూపాయల దగ్గర నిలిస్తే, బంకు కుర్రాడికి మనసొప్పదు, "రౌండ్ చేసేయనా సార్?" అంటూనే మూడు వేలు తేలేదాకా చుక్కచుక్కగా నొక్కుతాడు. ఆ లీటరుంపావు లెక్క మొత్తాన్ని తారుమారు చేస్తుంది. నాలుగో వారానికి అతనికి నా సంగతి తెలిసిపోయి, చెయ్యి ఆపడం అలవాటు చేసుకున్నాడు.

ఎనిమిది నెలల సగటు ఇది. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి ఆఫీసు ప్రయాణంలో, ఏసీ వేసుకుని, లీటరుకు 22 కిలోమీటర్లు వచ్చాయి. విజయవాడ హైవే మీద వందకు అటూ ఇటూ వేగంతో వెళ్తే 18 మాత్రమే వచ్చాయి. పాత చిన్న కారు ఇదే ఊళ్లో 14, అదే హైవే మీద 20 ఇచ్చేది. అంటే ఊళ్లో కొత్త కారు చిత్తుగా గెలిచింది, హైవే మీద పాతదాని చేతిలో ఓడింది.

ఊళ్లో ఇంత తేడా ఎందుకు వస్తుందో సిగ్నల్ దగ్గర నిలబడితే అర్థమవుతుంది. ఇంజను ఆగిపోతుంది, కారు బ్యాటరీ మీద పాకుతూ ముందుకు కదులుతుంది, బ్రేకు తొక్కిన ప్రతిసారీ వేడిగా పోవలసిన శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. జేఎన్‌టీయూ దగ్గర సాయంత్రం ఆరున్నరకు ముప్పావుగంట ఇరుక్కున్నప్పుడు, చుట్టూ ఇంజన్లన్నీ గుర్రుమంటుంటే నా కారులో చాలాసేపు ఏసీ చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. ఆ హాయికి నేను పూర్తి మార్కులు వేస్తాను. పంతంగి టోలు దాటి రోడ్డు ఖాళీ అయ్యాక మాత్రం బ్రేకు తొక్కే పనే ఉండదు, బ్యాటరీకి తిరిగి దక్కేదేమీ ఉండదు, మిగిలేది ఒక పెట్రోల్ ఇంజను, అది ఈడ్చవలసిన 1,300 కిలోల బరువు. బ్యాటరీ కోసం డిక్కీలో ఎత్తుగా కట్టిన అరుగు వల్ల పెద్ద సూట్‌కేసు నిలబెట్టడానికి వీలుకాదని కూడా ఇక్కడే చెప్పేస్తాను.

బ్రోషర్లోని అంకె అబద్ధం కాదు, ప్రయోగశాలలో వచ్చినది. రోలర్ల మీద కారును నిలబెట్టి, ఏసీ ఆపి, ఇరవై నిమిషాల లోపు ముగిసే ఒక నిర్ణీత పద్ధతిలో నడుపుతారు. దానిని మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అంటారు. అందులో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. మే నెలలో ఏసీ లేకుండా హైదరాబాద్‌లో కారు నడిపేవారెవరో నాకు తెలియదు గానీ, దేశంలోని ప్రతి కారు మైలేజీనీ ఆ ఊహాజనిత డ్రైవరే నిర్ణయిస్తున్నాడు. కొనేవాడికి ఈ అంకె ఒక ఆశ. కంపెనీకి అది చట్టపరమైన లెక్క, ఎందుకంటే కార్ల కంపెనీల సగటు ఇంధన వినియోగానికి ప్రభుత్వం పెట్టిన కేఫ్ ప్రమాణాలను పాటించారా లేదా అనేది తేల్చేది ఇదే పరీక్ష.

ఈ ప్రమాణాలను కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించింది. మొదటి దశ 2017-18లో, రెండో దశ 2022-23లో అమలులోకి వచ్చాయి. ఒక్కొక్క కారుకు కాకుండా, కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటుకు ఇవి వర్తిస్తాయి. రెండో దశలో ఆ సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు సుమారు 113 గ్రాములు మించకూడదు, అంటే వంద కిలోమీటర్లకు 4.77 లీటర్ల పెట్రోల్. లక్ష్యం తప్పిన కంపెనీ వంద కిలోమీటర్లకు 0.2 లీటర్ల లోపు తేడాకైతే కారుకు 25 వేలు, అంతకు మించితే 50 వేల రూపాయల జరిమానా కట్టాలని 2022లో చట్టాన్ని సవరించారు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ 4.77 అందరికీ ఒకటి కాదు. అది సగటున 1,145 కిలోల బరువున్న కార్లు అమ్మే కంపెనీకి. బరువు వంద కిలోలు పెరిగితే 0.2 లీటర్ల సడలింపు దొరుకుతుంది, తగ్గితే అంతే బిగుస్తుంది. ఈ సూత్రాన్ని నా రెండు కార్లకు పెట్టి చూశాను. 800 కిలోల పాత కారులాంటివి అమ్మే కంపెనీ లీటరుకు 24.5 కిలోమీటర్ల సగటు సాధించాలి. 1,300 కిలోల కొత్త కారులాంటివి అమ్మే కంపెనీకి 19.7 చాలు. పైగా స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను సగటులో రెండు కార్లుగా, ఎలక్ట్రిక్ కారును మూడుగా లెక్కిస్తారు. నేను కొన్నది ఒక కారు, కంపెనీ పద్దులో పడింది రెండు.

మూడో దశ మీద కంపెనీల మధ్య జరిగిన వాదన ఈ బరువు చుట్టూనే తిరిగింది. 2025 సెప్టెంబరులో కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ విడుదల చేసిన ముసాయిదాలో 909 కిలోల బరువు, 1,200 సీసీ ఇంజను, నాలుగు మీటర్ల పొడవు దాటని పెట్రోల్ కార్లకు కార్బన్ డయాక్సైడ్ లెక్కలో కిలోమీటరుకు 3 గ్రాముల మినహాయింపు కనిపించింది. చిన్న కార్లు ఎక్కువగా అమ్మే మారుతి దానిని సమర్థించింది. ఒక కంపెనీకే మేలు చేస్తుందని టాటా, మహీంద్రా వ్యతిరేకించాయి. ఎవరి సరుకుకు వారు తూకం వేసుకోవడంలో వింత లేదు. నా దృష్టిలో బరువు లెక్క చిన్న కారు మీదే ఎక్కువ భారం వేస్తోందని మారుతి చెప్పిన జబ్బు నిజమే, అడిగిన మందే సరైనది కాదు. బరువుకు ఇచ్చే సడలింపును సగానికి తగ్గిస్తే చిన్న కారుకు ప్రత్యేక మినహాయింపు అడగవలసిన అవసరమే చాలావరకు పోతుంది.

డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి కారు కొన్నప్పుడు కిటికీ అద్దానికి అతికించిన స్టిక్కర్ ఫొటో పంపాడు. ఊళ్లో ఎంత, హైవే మీద ఎంత, రెండూ కలిపి ఎంత అని మూడు అంకెలు విడివిడిగా ఉన్నాయి. 1975లోనే ఇంధన ప్రమాణాల చట్టం చేసిన అమెరికా, ట్రక్కుల తరగతికి సడలింపు ఇచ్చి ఎస్‌యూవీలు అందులోకి దూరే సందు వదిలింది కాబట్టి, దానిని ఆదర్శంగా చూపించను. ఆ స్టిక్కర్ మాత్రం మనకూ కావాలి. 22, 18 అని రెండు అంకెలు నాకు ముందే కనిపించి ఉంటే బేరం వేరేలా సాగేది.

ఇక డబ్బు సంగతి. నా సహోద్యోగి దగ్గర ఇదే మోడల్ మామూలు పెట్రోల్‌ది ఉంది, ఊళ్లో 13 ఇస్తోంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే నాకు ముప్పై ఒకటిన్నర లీటర్లు ఆదా, లీటరు 107 చొప్పున దాదాపు 3,370 రూపాయలు. హైబ్రిడ్ కోసం అదనంగా పెట్టిన మూడు లక్షలు తిరిగి రావడానికి ఏడున్నరేళ్లు పడుతుంది. బ్యాటరీకి ఇచ్చిన వారంటీ ఎనిమిదేళ్లు. రోజూ ఊళ్లో నలభై కిలోమీటర్లకు పైగా తిరిగేవారు సందేహించకుండా తీసుకోవచ్చు. మొన్న సూర్యాపేటలో ఉండే మా బావమరిది ఇదే కారు కొంటానని ఫోన్ చేశాడు. అతని తిరుగుడంతా హైవే మీదే. నోటుబుక్కులోని హైవే పేజీ ఫొటో తీసి పంపాను. మర్నాడు మామూలు పెట్రోల్ బండికి అడ్వాన్సు కట్టి వచ్చాడు.