కంటోన్మెంటు ముత్తాతను వెతికే మూడు సైట్లు: దేనికి డబ్బు కట్టాలి, దేనికి అక్కర్లేదు

బొల్లారం, తిరుమలగిరి, లాలాగూడ వైపు చాలా ఇళ్లలో కంపెనీ పల్టనులోనో రైల్వేలోనో పనిచేసిన ముత్తాత ఒకరుంటారు. చేతిలో మిగిలేది ఒక పేరు, మహా అయితే ఓ పాత ఫొటో. చాలామంది ఆ పేరు పట్టుకుని నేరుగా చందా సైటుకి డబ్బు కట్టేస్తారు. వరస తిరగేయాలి: ముందు ఫిబిస్ (FIBIS, బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర వెతికే సంఘం సైటు), తర్వాత ఫ్యామిలీసెర్చ్, ఆఖరికి ఒక్క నెలకి ఫైండ్‌మైపాస్ట్.

అసలు సరుకు ఎక్కడిదో తెలిస్తే సగం పని అయినట్టే. హైదరాబాద్ నిజాం రాజ్యమే అయినా, సికింద్రాబాద్ దండు చర్చిల బాప్టిజం, పెళ్లి, చావు లెక్కలు మద్రాసు కిందికి పోయాయి. పాదరి తన రిజిస్టరుకి నకలు రాసి మద్రాసు పంపితే, అక్కడ దానికి ఇంకో నకలు తీసి లండన్ పంపేవారు. ఆ నకళ్లు చేరింది ఇండియా ఆఫీసు, అంటే ఇండియా పాలన చూసిన బ్రిటిష్ ప్రభుత్వ శాఖ, రికార్డుల్లోకి. వాటి నంబరు వరసల్లో బెంగాల్‌ది ఎన్/1, మద్రాసుది ఎన్/2, బొంబాయిది ఎన్/3. మనవాళ్ల కోసం చూడాల్సింది ఎన్/2. మూడు సైట్లూ ముఖ్యంగా ఈ బావిలోంచే తోడుతాయి.

ఫిబిస్ వాలంటీర్లు నడిపే సంఘం. వెతకడం ఉచితం. చర్చి లెక్కలే కాదు, సమాధి రాళ్ల మీది రాతలు, ఓడ ప్రయాణికుల జాబితాలు, పాత పత్రికల్లోని పెళ్లి, చావు కబుర్లు కూడా ఎక్కించారు. ఏ మూలంలోంచి తీశారో పక్కనే ఉంటుంది, అది రాసి పెట్టుకోవాలి. సైటు చూడ్డానికి పాతకాలపు గవర్నమెంటు ఆఫీసులా ఉంటుంది గానీ పని గట్టిది. అయిదుకి నాలుగు మార్కులు. అన్నీ ఎక్కించలేదు కాబట్టి, ఇక్కడ దొరకనంత మాత్రాన మనిషే లేడనుకోకూడదు.

ఫ్యామిలీసెర్చ్ ఉచితమే, ఖాతా తెరిస్తే చాలు. భారతదేశ బాప్టిజాల సూచిక 1786 నుంచి 1947 దాకా, పెళ్లిళ్లది 1792 నుంచి 1948 దాకా ఉంది. చిక్కేమిటంటే సూచికలో పేరు, తేదీ, తల్లిదండ్రులు వస్తారు గానీ పేజీ బొమ్మ రాదు. కింద ఆ పేజీలను ఫొటో తీసిన ఫిల్ము నంబరు ఉంటుంది. దాన్ని కేటలాగులో వేసి చూడాలి. కెమెరా గుర్తు మీద తాళంచెవి కనబడితే ఇంటి నుంచి తెరుచుకోదు. మూడున్నర మార్కులు.

ఫైండ్‌మైపాస్ట్‌లో బొమ్మ వస్తుంది, డబ్బు కట్టేది దానికోసమే. ఒక్క నెల తీసుకుని, ముందే రాసి పెట్టుకున్న పేర్లన్నీ ఒకేసారి చూసి, బొమ్మలు దించుకుని, ఆటో రెన్యువల్ ఆపేయాలి. ఆపడం మరిచిపోతే చందా దానంతటదే సాగుతుంది. నెల చందాకైతే నాలుగు మార్కులు, ఏడాది చందాకైతే రెండు.

బొమ్మను ఎలా చదవాలన్నదే అసలు విద్య. బాప్టిజం వరసలో పుట్టిన తేదీ ఒక గడిలో, బాప్టిజం తేదీ ఇంకో గడిలో ఉంటాయి. రెంటికీ మధ్య అయిదారేళ్లు ఉన్నా వింత కాదు, దండు కదులుతూ ఉండేది. అందుకే వెతికేటప్పుడు సంవత్సరానికి అటూ ఇటూ అయిదేళ్లు వదలాలి. తండ్రి వృత్తి గడి వదలొద్దు: మద్రాసు పదాతి దళాల్లో డ్రమ్మర్లుగా క్రైస్తవులు, యూరేషియన్లు (యూరోపియన్, ఇండియన్ కలిసిన కుటుంబాలవాళ్లు) ఎక్కువ. అక్కడ డ్రమ్మర్ అని ఉంటే ఆ కుటుంబం తీరు సగం తెలిసినట్టే. పెళ్లి పేజీలో వరుడు, వధువు, సాక్షులు అందరి సంతకాలూ ఒకే దస్తూరీలో ఉంటాయి. అది గుమాస్తా చేతిరాత. దాన్ని ముత్తాత సంతకమని ఫ్రేము కట్టించుకున్నవాళ్లున్నారు, పాపం.

మన పేర్ల దగ్గరే మూడు సైట్లూ తడబడతాయి. ఇంటిపేరు గడిలో తండ్రి పేరు పడుతుంది, లేదా ఖాళీగా ఉంటుంది. కాబట్టి ఇంటిపేరు వదిలేసి, బిడ్డ పేరు, తండ్రి పేరు కలిపి వెతకాలి. రాయప్ప కావాలంటే ఇంగ్లిషులో ఆర్ కొట్టి నక్షత్రం గుర్తు, రెండు పీలు, మళ్లీ నక్షత్రం గుర్తు (R*pp*): రాయప్ప, రోయప్ప, రాయప్పన్ ముగ్గురూ వస్తారు. ఫైండ్‌మైపాస్ట్, ఫ్యామిలీసెర్చ్ రెండింట్లోనూ ఇది పనిచేస్తుంది. ఊరిపేరు తిరుమలగిరి అని వేస్తే ఏమీ రాదు, అక్కడ అది ట్రిమల్‌ఘెరీ.

ఒకటి ముందే తెలుసుకోవాలి. వీటిలో దొరికేవాళ్లు ఎక్కువగా యూరోపియన్లు, యూరేషియన్లు. తెలుగు క్రైస్తవులు కొందరే, మిషన్ చర్చిల లెక్కలు చాలావరకు ఆ చర్చిల్లోనే ఉండిపోయాయి. హిందూ, ముస్లిం కుటుంబాలవాళ్లు చందా కట్టడం దండగ. నిజాం కొలువులో ఉన్న పూర్వీకుడైతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ దారి పట్టాలి. అక్కడ పాత కాగితాలు ఫారసీలో, 1880ల తర్వాతివి ఉర్దూలో ఉంటాయి, చదివే మనిషిని వెంటబెట్టుకెళ్లాలి.

బొమ్మ దొరికాక అసలు రిజిస్టరు చూడాలనిపిస్తే చర్చి ఆఫీసుకి వెళ్లొచ్చు. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ 1813 నాటిది, బొల్లారం హోలీ ట్రినిటీ 1847 నాటిది. రిజిస్టర్లు తేదీల వరసలో ఉంటాయి, పేర్ల వరసలో కాదు. కాబట్టి ముత్తాత పేరు చెబితే లాభం లేదు, తేదీ రాసుకుని వెళ్లాలి.