చేత్తో పట్టి తీసే పనోరమాలు, హుగిన్: నాలుగు చలికాలాల తర్వాత

డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా నా స్టూడియోకు పని ఉండదు. ధనుర్మాసం, ముహూర్తాలుండవు. పెళ్లి ఫొటోల మీద బతికేవాడికి ఏడాదిలో సెలవంటే అదే. నాలుగేళ్లుగా ఆ నెల రోజులూ వరంగల్ చుట్టుపక్కల చెరువు కట్టలు, గుట్టలు పట్టుకుని తిరుగుతూ పనోరమాలు, అంటే పక్కపక్కగా తీసిన ఫొటోలు కలిపి చేసే వెడల్పాటి ఫొటోలు, తీస్తున్నాను. ట్రైపాడ్ లేకుండా, చేత్తోనే. అన్నీ హుగిన్ అనే, ఫొటోలు అతికే సాఫ్ట్‌వేర్‌లోనే కలిపాను. ఉచితంగా దొరుకుతుంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. మొదటి ఏడాది దాన్ని తిట్టని రోజు లేదు. అందులో సగానికి పైగా తప్పు నాదేనని తర్వాత తెలిసింది.

ఆ ఏడాది వరంగల్ కోటలో, విరిగిన రాతి స్తంభాలకు మూడడుగుల దూరంలో నిలబడి ఏడు ఫ్రేములు తీశాను. కలిపి చూస్తే దూరంగా తోరణం బ్రహ్మాండంగా వచ్చింది. దగ్గరున్న స్తంభం మాత్రం నడుము దగ్గర తెగి పక్కకు జరిగింది, దాని మీది పువ్వుకు సగం రేకులే మిగిలాయి. మనం తిరిగేది నడుము మీద, లెన్స్ ఉండేదేమో దానికి జానెడు ముందు. ఒళ్లు తిప్పినప్పుడల్లా లెన్స్ కూడా పక్కకు జరుగుతుంది. దూరపు గుట్టకు అది లెక్కలోకి రాదు, దగ్గరి రాయికి వస్తుంది.

దీనికి నేను వాడే మందు ఐదు రూపాయల సరుకు. లెన్స్ ముందు భాగానికి దారం కట్టి, చివర ఒక ఇనుప నట్టు వేలాడదీస్తాను. కింద నేల మీద ఒక గులకరాయి. ఎటు తిరిగినా నట్టు ఆ రాయి మీదే ఉండాలి. అంటే కెమెరా ఉన్నచోటే ఉంటుంది, దాని చుట్టూ మనమే చిన్న చిన్న అడుగులేస్తూ తిరుగుతాం. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. ధర్మసాగర్ కట్ట మీద ఒకాయన చాలాసేపు చూసి, "ఏందన్నా, చెరువుకు దిష్టి తీస్తున్నవా?" అన్నాడు. పద్మాక్షి గుట్ట లాంటి చోట, దగ్గర్లో ఏమీ అడ్డం లేకపోతే, ఈ దారం కూడా అక్కర్లేదు.

నా కెమెరా 24 మెగాపిక్సెళ్లది, క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది). 35 ఎంఎం లెన్స్‌తో, కెమెరా నిలువుగా పట్టి, ప్రతి ఫ్రేములో మూడో వంతు ముందుదాన్ని కలుపుకుంటూ ఏడు తీస్తే దాదాపు 125 డిగ్రీలు వస్తుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో కట్టేయాలి. చలికాలం సూర్యుడు కిందనే ఉంటాడు కాబట్టి ఆటోలో వదిలేస్తే ఒక కొస తెల్లగా, ఒక కొస నల్లగా వస్తుంది. పోలరైజర్ (ఆకాశం నీలాన్ని ముదురు చేసే ఫిల్టర్) ఇంట్లో పెట్టి వెళ్లండి, ఇంత వెడల్పు ఆకాశంలో అది మధ్యలో నీలి మచ్చ వేస్తుంది. వరస మొదట్లో, చివర్లో అరచెయ్యి అడ్డం పెట్టి ఒక్కో ఫ్రేము తీస్తాను. ఇంటికొచ్చాక మూడు వందల ఫొటోల్లో ఏది ఎక్కడ మొదలైందో ఆ చెయ్యే చెబుతుంది.

ఇక హుగిన్. పక్కపక్క ఫ్రేముల్లో ఒకేలా ఉన్న చుక్కలను, అంటే కంట్రోల్ పాయింట్లను, అది తానే వెతుక్కుంటుంది. మామూలు ఎండలో ఈ పని బాగా చేస్తుంది. పొగమంచులో తంటా మొదలు. తెల్లటి తెరలో దానికి ఆధారం దొరకదు, దొరికిన చుక్కల్లో కొన్ని నీళ్ల అలల మీద పడతాయి. అలలు కదిలిపోయేవి, వాటిని నమ్ముకుంటే మొత్తం వంకర. నేను ఆ పాయింట్ల పట్టిక తెరిచి, నీళ్ల మీదివి, మబ్బుల మీదివి తీసేసి, అవతలి ఒడ్డున తాటిచెట్ల తలల మీద నాలుగైదు చేత్తో పెడతాను. పావుగంట పడుతుంది. అడోబీ వాళ్ల ఫొటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో ఇదే పని నిమిషంలో అయిపోతుంది, కానీ కుదరకపోతే లోపలికి వెళ్లి సరిచేసే దారి లేదు. పొగమంచు ఫొటోలకు ఆ దారే కావాలి. హుగిన్‌ను నేను వదలకపోవడానికి ఇదొక్కటే కారణం, ఉచితమని కాదు.

ఫొటో ఒరిగితే నిలువు గీతలు చూపించి నిలబెట్టొచ్చు. అందుకు కరెంటు స్తంభాలను మాత్రం నమ్మకండి, మన దగ్గర నిటారుగా ఉండే స్తంభం అరుదు. నీళ్ల ట్యాంకు కాళ్లు, గోడల అంచులు నయం. ఇక ప్రొజెక్షన్, అంటే చుట్టూ చూసిన దృశ్యాన్ని చదునైన ఫొటోగా పరిచే పద్ధతి. సిలిండ్రికల్ ప్రొజెక్షన్‌లో తిన్నటి చెరువు కట్ట విల్లులా వంగుతుంది. రెక్టిలినియర్ పెడితే గీత తిన్నగా ఉంటుంది కానీ 125 డిగ్రీలకు కొసలు సాగిపోతాయి. మధ్యస్థంగా పానినీ అని ఒకటుంది, నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది అదే.

కదిలేవాటికి మాస్కులు, అంటే ఫ్రేములో ఏ భాగం వద్దో గీత గీసి చెప్పడం. పాకాలలో తెప్ప మీద వల వేస్తున్న మనిషి మూడు ఫ్రేముల్లో మూడు చోట్ల పడ్డాడు. రెండు చోట్ల అతని చుట్టూ గీత గీసి తీసేయమంటే నీళ్లు పక్క ఫ్రేము నుంచి వచ్చి కూర్చున్నాయి, అతుకు కనిపించదు.

బాధలూ ఉన్నాయి. తెర నిండా ట్యాబులు, కొత్తవాళ్లు బెదిరిపోతారు. సింపుల్ మోడ్‌తో మొదలుపెట్టి, అవసరం పడ్డాకే అడ్వాన్స్‌డ్‌కు వెళ్లడం మేలు. ఇరవై వేల పిక్సెళ్ల వెడల్పు, 16 బిట్ టిఫ్ (కుదించకుండా దాచే ఫొటో ఫైలు) అంటే ఒక్కో ఫైలు అర జీబీ దాటుతుంది. నా ఎనిమిది జీబీ ర్యామ్ కంప్యూటర్ ఆ సమయంలో ఇంకే పనీ ముట్టనివ్వదు, చాయ్ తాగి రావాల్సిందే. చేత్తో తీసినందుకు పైనా కిందా ఎగుడుదిగుడు అంచులు పోతాయి, ఆరు వేల పిక్సెళ్ల ఎత్తులో ఐదు వేలు మిగిలితే సంతోషం. అందుకే ఆకాశం, నేల కాస్త ఎక్కువే వదిలి తీస్తాను.

రెండో ఏడాది కొన్న పనోరమా హెడ్, అంటే లెన్స్ పక్కకు జరక్కుండా కెమెరాను తిప్పే ట్రైపాడ్ బిగింపు, అటక మీద ఉంది. బరువు ఒక సంగతి. దాన్ని బిగించి లెవెల్ చూసుకునేలోపు చెరువు మీది మంచు లేచిపోతుంది.

ధర్మసాగర్ ఫొటో ఆరున్నర అడుగుల ప్రింటు వేయించి స్టూడియో గోడకు తగిలించాను. అందులో ఎడమ నుంచి మూడో అతుకు దగ్గర ఎగురుతున్న ఒక బాతుకు రెక్క లేదు. మాస్కు వేయడం మర్చిపోయాను. వచ్చినవాళ్లెవరూ ఇంతవరకు గమనించలేదు, నేను మాత్రం తలుపు తీయగానే ముందు దాన్నే చూస్తాను.