క్యాన్సర్ రీసెర్చ్ కోసం పరిగెత్తాలంటే ఏది మేలు? బోస్టనా, టీమ్ ఇన్ ట్రైనింగా, టెర్రీ ఫాక్స్ రన్నా?

నేను బోస్టన్‌లోని డానా ఫార్బర్ క్యాన్సర్ ఆస్పత్రి టీమ్‌తో బోస్టన్ మారథాన్ పరిగెత్తొచ్చిన దగ్గర్నుంచీ మనవాళ్ళు చాలామంది ఇదే అడుగుతున్నారు, అన్నా మేమూ రీసెర్చ్‌కి డబ్బు పోగుచేస్తూ పరిగెడదామనుకుంటున్నాం, దేంట్లో చేరమంటావ్ అని. షూస్, ట్రైనింగ్ ప్లాన్ సంగతి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

నా మటుకు తేల్చేది ఒక్కటే, మీరు పోగుచేసిన డబ్బులో రీసెర్చ్‌కి ఎంత పోతుంది అన్నది. పరిగెత్తేది మనం ఒక్కళ్ళమే, డబ్బిచ్చేది వందమంది, వాళ్ళందరికీ జవాబు చెప్పాల్సింది మనమే కదా. మా బాబాయికి ఫోన్ చేస్తే మొదటి మాటే "నువ్వు పరిగెడితే నేను డబ్బులెందుకివ్వాల్రా, ఇచ్చేదేదో ఆస్పత్రికే ఇస్తే పోలా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఈ టీమ్‌లో పోగైన ప్రతి డాలరూ క్లాడియా ఆడమ్స్ బార్ ప్రోగ్రామ్‌కే పోతుంది బాబాయ్ అని చెప్పా. బేసిక్ క్యాన్సర్ రీసెర్చ్ అది. పెద్ద గ్రాంట్లిచ్చేవాళ్ళు ముందు కొన్ని రిజల్ట్స్ చూపించమంటారు, కొత్త ఐడియాతో వచ్చిన సైంటిస్టుకి ఆ మొదటి రిజల్ట్స్ ఎక్కణ్ణుంచి వస్తాయి, అదిగో అక్కడ పనికొస్తుంది ఈ డబ్బు.

ఇంకోటి కూడా చెప్పా. గుంటూర్లో మా మేనల్లుడికి లుకీమియా (రక్త క్యాన్సర్) వచ్చినప్పుడు వాడికి మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికోసారి వేసేవాళ్ళు, శుక్రవారం రాత్రి మా చెల్లి ఆ చిన్న పసుపు మాత్రలు గిన్నెలో పోసి వీడియో కాల్‌లో నన్నూ లెక్కపెట్టమనేది, వారానికోసారి వేసేది పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుందని దానికి భయం. ఆ మందు తయారుచేసింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి టీమే, అమెరికాలో లెడర్లీ ల్యాబ్స్ అనే మందుల కంపెనీలో. అంతకుముందు ఆయన బోస్టన్ వచ్చి ఏళ్ళ తరబడి పనిచేసిన హార్వర్డ్ మెడికల్ స్కూల్ ఇప్పటి డానా ఫార్బర్ పక్కనే. ఆయన టీమ్ పంపిన అమినోప్టెరిన్‌నే, అంటే మెథోట్రెక్సేట్‌లాంటి మందునే, డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లలకిచ్చి చూశాడు, 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించిందని 1948లో రాశాడు. అదే ఏడాది సుబ్బారావుగారు పోయారు. నేనిదంతా చెప్పిన రాత్రే బాబాయి 250 డాలర్లు వేశాడు, నోట్‌లో మా మేనల్లుడి పేరు రాసి.

బోస్టన్‌తో కష్టం ఏంటంటే, ముందు ఇంకో మారథాన్‌లో తెచ్చుకోవాల్సిన క్వాలిఫయింగ్ టైమ్ లేకుండా టీమ్ ద్వారా వెళ్ళేవాళ్ళు పోగుచేయాల్సిన కనీస మొత్తం వేల డాలర్లలో ఉంటుంది, తక్కువ పడితే మీ కార్డు మీదే పడుతుంది, సంతకం పెట్టేముందు ఇంట్లో మాట్లాడుకోండి. చలికాలమంతా మంచులో ట్రైనింగ్, పైగా 32 కిలోమీటర్లు దాటాక న్యూటన్‌లో హార్ట్‌బ్రేక్ హిల్.

అంత మొత్తం పోగవదేమో అనిపిస్తే టీమ్ ఇన్ ట్రైనింగ్ చూడండి. 1988లో బ్రూస్ క్లీలండ్ అనే ఆయన లుకీమియా వచ్చిన తన కూతురి కోసం 38 మందిని పోగుచేసి న్యూయార్క్ మారథాన్ పరిగెత్తించాడు, 3,22,000 డాలర్లు వచ్చాయి, అదే దీనికి మొదలు. కోచ్ ఉంటాడు, హాఫ్ మారథాన్‌కీ వెళ్ళొచ్చు, మొదటిసారి పరిగెత్తేవాళ్ళకి నిజంగా బావుంటుంది. కాకపోతే వచ్చిన డబ్బు రీసెర్చ్‌తో పాటు పేషెంట్లకి సాయం చేయడానికీ వెళ్తుంది. అదీ కావాల్సిందే, మా చెల్లిని చూసినవాణ్ణి నేను కాదనను, కానీ "రీసెర్చ్‌కే" అని చెప్పి అడగాలంటే నాకు బోస్టనే.

కెనడాలో ఉన్నవాళ్ళకైతే వేరే ఆలోచనే అక్కర్లేదు, టెర్రీ ఫాక్స్ రన్. ఎంట్రీ ఫీజు లేదు, ఇంత తేవాలన్న లెక్క లేదు, గెలుపోటముల్లేవు. ఎముక క్యాన్సర్‌తో కుడికాలు పోయిన టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడు 1980లో కృత్రిమ కాలుతో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తి, క్యాన్సర్ ఊపిరితిత్తుల్లోకి పాకితే థండర్ బే దగ్గర ఆగాడు. రీసెర్చ్‌కి ఒక్కో కెనడియన్ దగ్గర్నుంచి ఒక్కో డాలర్, అంతే అతను అడిగింది. ఇది మారథాన్ కాదు, పిల్లల్ని తీసుకుని నడిచినా చాలు.

ముంబై మారథాన్‌లో చారిటీ బిబ్‌లు, అంటే ఏదో ఒక సంస్థ కోసం పరిగెత్తేవాళ్ళకిచ్చే నంబర్లు, ఉన్నాయి, మంచి సంస్థలూ ఉన్నాయి, కానీ ఎక్కువ సేవా పనులవే, రీసెర్చ్ కావాలంటే ఏ సంస్థో చూసి ఎంచుకోవాలి. లండన్ సంగతి అక్కడున్న మనవాళ్ళనే అడగండి.

బోస్టన్ అనుకున్నవాళ్ళు మాత్రం ముందు మీ కంపెనీ హెచ్ఆర్‌ని మ్యాచింగ్ (మీరిచ్చినదానికి జతగా కంపెనీ కూడా ఇవ్వడం) ఉందా అని అడగండి, డబ్బిచ్చే ప్రతి ఒక్కళ్ళనీ అడగమనండి, నా మొత్తంలో మూడో వంతు అలా వచ్చిందే.