జూల్ దగ్గర బస చేయాలంటే పోల్‌లోనే

రాకెట్లు కట్టి గ్రహాలకి పంపే కంప్యూటర్ గేమ్ కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్‌లో జూల్ అనే పెద్ద వాయు గ్రహం దాకా వెళ్లినవాళ్లకి, దాని ఉపగ్రహం లేత్ మీది సముద్రాలు చూడగానే అక్కడే దిగాలనిపిస్తుంది. మొదటిసారి నేనూ అక్కడే దిగాను, తీరా తిరిగి పైకి వచ్చేసరికి ట్యాంకుల్లో చుక్క మిగల్లేదు. ఈసారి నేరుగా పోల్‌కే వెళ్లాను. జూల్ ఐదు ఉపగ్రహాల్లో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా దూరంగా తిరిగేది ఇదే, వ్యాసార్థం 44 కిలోమీటర్లు.

భూమ్మీద 60 కిలోలు తూగే మనిషి ఇక్కడ రెండున్నర కిలోలు కూడా తూగడు. అందుకే దిగడం తేలిక, టెన్షన్ అంతా కాళ్లు నేలకి తగిలాకే మొదలవుతుంది. పసుపు నేల నిండా మొనదేలిన గుట్టలు, నా ల్యాండర్ తగిలి, పైకెగిరి, మళ్లీ పడి, వాలు మీద మెల్లగా జారుతూ పోయింది. ఆర్‌సీఎస్ అనే చిన్న థ్రస్టర్లతో కిందికి అదిమి పట్టాక గానీ ఆగలేదు. తీరా ఇంధనం కోసం ఖనిజం తవ్వే డ్రిల్లు దించితే నేలకి జానెడు ఎత్తులో ఆగిపోయింది! ఒకవైపు కాళ్లు రెండూ ముడిచాను, ల్యాండర్ కాస్త ఒరిగి మొన నేలకి ఆనింది.

ఇంధనం నింపుకోవడానికి మాత్రం పోల్‌కి సాటి లేదు. ఇక్కడి నుంచి కక్ష్యలోకి చేరడానికి సెకనుకు 130 మీటర్ల వేగం చాలు, అదే జూల్ మరో ఉపగ్రహం టైలోలో 2,000 దాటుతుంది, కాబట్టి తవ్వుకున్నదంతా దాదాపు మనకే మిగులుతుంది. ఇంజినీరు వెంట ఉంటే తవ్వకం వేగం పెరుగుతుంది, తప్పకుండా తీసుకెళ్లండి. బాప్ అనే ఉపగ్రహం కూడా చిన్నదే, కానీ దాని కక్ష్య 15 డిగ్రీలు వాలి ఉంటుంది, అక్కడికి చేరేలోపే ఇంధనం బాగా ఖర్చవుతుంది.

పోల్‌లో ఇబ్బందల్లా కరెంటే. గేమ్‌లో మనం బయల్దేరే గ్రహం కెర్బిన్ దగ్గర పడే ఎండలో ఇక్కడ 25వ వంతే ఉంటుంది, పైగా రాత్రి సుమారు 125 గంటలు. సోలార్ ప్యానెళ్లని నమ్ముకోకండి, ఎండ అక్కర్లేని అణు జనరేటర్లు, అంటే ఆర్‌టీజీలు పెట్టుకోండి.

ట్యాంకులు నిండేలోపు ఒక కెర్బల్‌ని (గేమ్‌లోని వ్యోమగామిని) బయటికి దింపి, జెట్‌ప్యాక్ ఒక్కదానితోనే కక్ష్యలోకి పంపి మళ్లీ దింపాను. కింద నిలబడి చూస్తే మన చందమామకి ఏడు రెట్ల వెడల్పున ఆకుపచ్చటి జూల్, ఎంతసేపు చూసినా దాదాపు అదే చోట. అక్కడి నుంచి ఇంకో ఉపగ్రహం వాల్‌కి వెళ్లాను, దిగి చూసి, ఇంధనానికి మళ్లీ పోల్‌కే వచ్చాను.