బోస్టన్‌లో టీ ఓడలు, పన్ను గొడవ, మేం దిగిన హోటల్

బోస్టన్ వెళ్లినవాళ్లు చాలామంది ముందు టీ పార్టీ ఓడల మ్యూజియంకే టికెట్ కొంటారు. అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు, టీ మీది పన్నుకి నిరసనగా ఇక్కడి జనం ఓడల్లోని టీని సముద్రంలో పారబోసిన ఘటననే టీ పార్టీ అంటారు. పిల్లలుంటే కొనండి, డబ్బులు దండగ కావు. ఒక్కొక్కరికీ ఆనాటి మనిషి పేరుతో కార్డు ఇచ్చి, సభలో కూర్చోబెట్టి, తర్వాత ఓడ ఎక్కించి టీ పెట్టెలు నీళ్లలోకి విసరమంటారు. పెట్టెకి తాడు ఉంటుంది. మనం విసిరాక పైకి లాగి తర్వాతి బ్యాచ్‌కి ఇస్తారు. మా పాపకి ఇదే నచ్చింది. నేను మాత్రం లోపల అద్దాల వెనకున్న చిన్న చెక్కపెట్టె దగ్గర ఆగిపోయాను. 1773 డిసెంబర్ 16 రాత్రి పారబోసిన 342 పెట్టెల్లో ఇప్పటికి మిగిలినవాటిలో అదొకటి.

అమ్మానాన్నల్లాంటి పెద్దవాళ్లతో వెళ్తే నా ఓటు ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్‌కే. ఆ రోజు దాదాపు 5,000 మంది చేరింది ఇక్కడే. సరుకు దించకుండా ఓడల్ని వెనక్కి పంపించమని అడిగితే గవర్నర్ థామస్ హచిన్సన్ ఒప్పుకోలేదు. "టీ రేటు పెంచారనా ఇంత గొడవ?" అని నాన్న అడిగారు. నిజానికి టీ మీద బ్రిటన్ తెచ్చిన కొత్త చట్టంతో టీ చవకయ్యే వీలుంది. పౌను బరువు టీకి మూడు పెన్నీల సుంకం మాత్రం అలాగే ఉంచారు. తమ తరఫున ఒక్క సభ్యుడూ లేని బ్రిటిష్ పార్లమెంటు వేసిన పన్ను ఎంత చిన్నదైనా కట్టేది లేదన్నారు ఇక్కడి జనం. ఆ టీ ఈస్టిండియా కంపెనీది. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారుల్లో పాగా వేసిన కంపెనీయే అది. ఆ మాట చెప్పాక నాన్న అక్కణ్నుంచి తొందరగా లేవలేదు.

అదే టికెట్‌తో ఓల్డ్ స్టేట్ హౌస్ కూడా చూడొచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పైకి వెళ్లే వంపు మెట్లు కాస్త కష్టం. బయట రాళ్లతో పేర్చిన వలయం తప్పక చూడండి. 1770 మార్చి 5న బ్రిటిష్ సైనికుల కాల్పుల్లో ఐదుగురు పోయిన ఘటనకి గుర్తు అది. వాళ్ల సమాధి దగ్గర్లోనే గ్రానరీ శ్మశానంలో ఉంది, అక్కడ టికెట్ లేదు.

చాలామంది వదిలేసేది ఒకప్పుడు లిబర్టీ ట్రీ అనే చెట్టు ఉన్న చోటు. పత్రికలకీ, దస్తావేజులకీ, చివరికి పేకముక్కలకీ స్టాంపు పన్ను వేసినప్పుడు, 1765 ఆగస్టులో, ఆ స్టాంపులు పంచే పని అప్పగించిన ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మని ఆ చెట్టుకే వేలాడదీశారు. పన్ను అమల్లోకి రాకముందే మొదలైన ఆ కోపం చివరికి చట్టాన్నే రద్దు చేయించింది. చెట్టుని 1775లో నరికేశారు. ఇప్పుడు వాషింగ్టన్ స్ట్రీట్‌లో ఓ భవనం గోడ మీద చెక్కిన బొమ్మ ఉంది. తలెత్తి చూస్తేనే కనపడుతుంది.

బస మాత్రం డౌన్‌టౌన్‌లో వద్దు, రేట్లు మండిపోతున్నాయి. మేం బోస్టన్ పక్కనున్న క్విన్సీ ఊళ్లో, రెడ్ లైన్ మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ, పార్కింగ్‌కి విడిగా డబ్బులని చెక్-ఇన్ దాకా చెప్పలేదు. బుకింగ్ ముందే ఫోన్ చేసి అడగండి. బోస్టన్‌లోకి కారు తీసుకెళ్లొద్దు, రైలే హాయి. బోస్టన్ డౌన్‌టౌన్‌లోనే ఉన్న క్విన్సీ మార్కెట్‌లో మధ్యాహ్నం కూర్చోడానికి చోటు దొరకదు, పదకొండున్నరకే తినేయండి.