పాత టౌన్‌హాలా, కొత్త ఏసీ ఆడిటోరియమా: ఏది మేలు?

కొంతకాలంగా రకరకాల పట్టణాల నుంచి ఒకే ప్రశ్న వస్తోంది. "మా ఊరి టౌన్‌హాలు పాడుబడింది. పడగొట్టి అదే చోట ఏసీ ఆడిటోరియం కడతామని మున్సిపాలిటీ అంటోంది. బైపాస్ పక్కన స్థలం ఉంది, అక్కడ కట్టమని కొందరు. మరమ్మతు చేస్తే చాలని మేం కొందరం. ఏది మేలు?" అడిగేవారిలో నాటక పరిషత్తులు, సాహితీ సమితులు, పెన్షనర్ల సంఘాలు నడిపేవారే ఎక్కువ. ఈ మధ్య మా ఊళ్లోనూ ఇదే వాదన నడిచింది. మా సమితి మరమ్మతు వైపు నిలబడింది. కారణాలు చెబుతాను, మీ ఊరికి సరిపోతాయో లేదో మీరే చూసుకోండి.

పాత భవనాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. మందపాటి సున్నపు గోడలు, టేకు దూలాలు, మద్రాసు మిద్దె (దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన కప్పు) ఉన్న నూరేళ్ల నాటి కట్టడం వేరు. 1970, 80లలో ఇనుము, కాంక్రీటుతో పోసిన హాలు వేరు. మొదటిదానికి చాలాచోట్ల కప్పు కారడమే అసలు జబ్బు. కప్పు బాగుచేసి, గోడల్లో దిగిన రావి వేళ్లు తీసి, మళ్లీ సున్నంతోనే పూత వేయిస్తే ఇంకో రెండు తరాలు నిలుస్తుంది. సున్నపు గోడ మీద సిమెంటు మాత్రం పూయించకండి. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక గోడ గుల్లబారిపోతుంది. ఇక రెండోరకం హాలు. శ్లాబు అడుగున పెచ్చులూడి తుప్పుపట్టిన ఊచలు కనిపిస్తుంటే, అందులోనూ సముద్రం దగ్గరి ఊళ్లలో, పైపై పూతలకు పెట్టిన డబ్బు దండగే. ఇంజనీరింగ్ కళాశాల నిపుణులచేత కోర్ (కాంక్రీటులోంచి తొలిచి తీసే నమూనా ముక్క) తీయించి పరీక్ష చేయించండి. కాంక్రీటులో బలం లేదని తేలితే పడగొట్టాల్సిందే. అలాంటి హాలును కాపాడమని నేను చెప్పను. కింద కూర్చునేది మన పిల్లలూ పెద్దలూ.

ఉంచడం, కూల్చడం, ఏదీ తేల్చకపోవడం: హైదరాబాదు ఈ మూడూ చూసింది. పాత సచివాలయాన్ని 2020 జులైలో కూల్చడం మొదలుపెట్టారు. 617 కోట్ల రూపాయలు మంజూరు చేసి కట్టిన కొత్త భవనం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను తొలగించి అక్కడ శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని మాత్రం 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని పాత శాసనసభ భవనం 1913లో జనం చందాలతో పూర్తయిన టౌన్‌హాలే. 2023 డిసెంబరులో వచ్చిన ప్రభుత్వం దాన్ని శాసనమండలి కోసం పునరుద్ధరించే పని చేపట్టింది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేసి 2020 ఆగస్టు 14న మళ్లీ ప్రజలకు అంకితం చేశారు. అక్కడి ఐస్‌క్రీం దుకాణాల ముందు సాయంత్రాలు ఇప్పటికీ జనం నిండుగా ఉంటారు. ఉస్మానియా ఆసుపత్రి కథ వేరు. కూల్చాలా, ఉంచాలా అని ఏళ్ల తరబడి వాదించుకుంటుండగానే 2020 జులై వానలకు పాత భవనం వార్డుల్లోకి నీళ్లు వచ్చాయి. రోగులను తరలించి దాన్ని మూసేశారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. తేల్చకుండా నానబెట్టడం మిగిలిన రెండిటికన్నా హీనమని నేను అనడానికి ఇదే కారణం.

అయితే ఆసుపత్రికి, సచివాలయానికి వేరే కొలతలున్నాయి. ఊళ్లో పదిమంది కలుసుకునే హాలుకు నేను చూసే కొలత ఒక్కటే. ఒక చిన్న సంఘం అక్కడ ఒక్క సాయంత్రం సభ పెట్టుకోవాలంటే ఎంత ఖర్చవుతుంది?

మా నెలవారీ సభనే తీసుకోండి. హాలు అద్దె, మైకు, వక్తకు రానుపోను బస్సు చార్జీలు, ఒక శాలువా, చివర్లో అరవై మందికి టీ. అంతా సభ్యులు తలాకొంత వేసుకునే డబ్బే. మొత్తం ఐదు వేలు దాటితే ఆ నెల సభ మానుకోవాల్సిందే. పౌరాణిక నాటకం వేసే బృందానికైతే దీనిపైన హార్మోనియం విద్వాంసుడు, దుస్తుల అద్దె, మేకప్ మనిషి ఉంటారు. హాలు అద్దె ఇరవై వేలైతే ఆ ఊళ్లో ఆ నాటకం ఇక ఉండదు. కోట్లు పెట్టి కట్టామన్న తృప్తి మిగులుతుంది గానీ పద్యం వినపడదు.

అద్దె ఎందుకు పెరుగుతుందో కట్టేముందు ఎవరూ చెప్పరు. దాని మూలం కరెంటు మీటరు దగ్గర ఉంది. వెయ్యి సీట్ల ఏసీ హాలుకు హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) కనెక్షన్ తీసుకోవాలి. అందులో వాడిన యూనిట్లకే కాక, ఒప్పందం చేసుకున్న డిమాండుకూ, అంటే ఒకేసారి గరిష్ఠంగా ఎంత కరెంటు లాగుతామని కేవీఏల లెక్కన రాసిచ్చామో దానికీ, డబ్బు కట్టాలి. ఆ నెల హాలు తెరవకపోయినా ఒప్పంద డిమాండులో 80 శాతానికి చార్జీ పడుతుంది. 200 కేవీఏకు ఒప్పందమైతే ప్రతి నెలా 160 కేవీఏకు బిల్లు వస్తుంది. కేవీఏకు 400 రూపాయలే అనుకున్నా 64 వేలు. ఆపైన జనరేటరు, ఏసీల వార్షిక నిర్వహణ, లిఫ్టు, కాపలా, ఊడ్చి తుడిచేవారి జీతాలు. ఈ భారం మోయలేక మున్సిపాలిటీ అద్దె పెంచుతుంది, లేదా హాలును లీజుకిస్తుంది. లీజుకు తీసుకున్నవారు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కనుక పెళ్లిళ్లకు ఇస్తారు. ముహూర్తాలున్న మాఘ, ఫాల్గుణ, వైశాఖ మాసాల్లో ఇక మనకు తేదీ దొరకదు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. నిర్వహణ లెక్క వేయకుండా కట్టిన ప్రతి భవనానికీ ఇదే గతి.

పాత హాలుకు ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, పొడవాటి కడ్డీల ఫ్యాన్లు ఉంటాయి. మే నెల మధ్యాహ్నం అందులో కూర్చోలేం, ఒప్పుకుంటాను. ఎండాకాలం సభలు సాయంత్రం ఆరున్నరకు పెట్టుకుంటాం. మామూలు కనెక్షనుతోనే నడుస్తుంది కాబట్టి తక్కువ అద్దెకు ఇవ్వగలరు. 1890లో వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో టౌన్‌హాలు కట్టించింది జనం కూడి మాట్లాడుకోవడానికే. అద్దె అందుబాటులో ఉంటేనే ఆ పని సాగుతుంది.

కొత్త హాలు కావాలనేవారి మాటనూ తీసిపారేయను. ముఖ్యంగా నటీమణులు అడిగినప్పుడు నా దగ్గర ఎదురు జవాబు లేదు. రంగస్థలం వెనక ఇద్దరు చీర అడ్డంగా పట్టుకుంటే దాని చాటున ద్రౌపది వేషం మార్చుకోవాల్సిన హాళ్లు ఇంకా ఉన్నాయి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేక విరామంలోనే ఇంటిదారి పట్టే ప్రేక్షకులున్నారు. మెట్లెక్కలేక వాకిట్లోనే కుర్చీ వేయించుకునే పెద్దలున్నారు. ఇవి సిగ్గుపడాల్సిన లోపాలు. అందుకే మా అంచనాలో కప్పు తరువాత రాసిన పద్దులు ఇవే: వెనకవైపు మేకప్ గదులు రెండు, మరుగుదొడ్లు, ర్యాంపు, కొత్త వైరింగు, రెండో ద్వారం. ఇవన్నీ పాత గోడలకు చెయ్యి పెట్టకుండా చేయించుకోవచ్చు.

"నిధులు పైనుంచి వస్తున్నాయి, వద్దంటే వెనక్కి పోతాయి" అనే మాట దగ్గరే మరమ్మతు వాదన ఎక్కువసార్లు ఓడిపోతుంది. ఈ పరిస్థితి దానంతటదే రాలేదు. ఒక్కో ఎంపీకి ఏటా 5 కోట్లు ఇచ్చే స్థానికాభివృద్ధి నిధినే చూడండి. చాలాకాలం దాని నిబంధనల్లో నిర్వహణ పనులు నిషిద్ధం. వారసత్వ కట్టడాల వంటి కొన్నిటికి తప్ప మరమ్మతులకూ వీల్లేదు. కొత్త గోడకు డబ్బు దొరికేది, పాత కప్పుకు దొరికేది కాదు. కారుతున్న హాలును కారనిచ్చి, పూర్తిగా పాడయ్యాక కొత్తది అడగడమే ఊళ్లకు అలవాటైంది. పైనుంచి వచ్చేది కట్టడానికయ్యే ఖర్చే. నెలనెలా వచ్చే బిల్లు మాత్రం ఊరిది. విశాఖపట్నం రుషికొండ మీద వందల కోట్లతో కట్టిన భవనాలను దేనికి వాడాలన్నది కట్టాక చర్చకు రావడం మనందరం చూశాం. వాడేవారెవరో ముందే తేల్చుకుని ఉంటే ఆ ప్రశ్నే రాదు.

బైపాస్ పక్కన కడితే పార్కింగుకు ఢోకా లేదు, స్థలం చవక. కానీ టౌన్‌హాలుకు వచ్చేవారిలో సగం మంది నడిచి వచ్చేవారే. రాత్రి తొమ్మిదిన్నరకు సభ ముగిశాక ఆటోకు తలా వంద పెట్టాలంటే అరవై మందికి ఆరు వేలు. సభ ఖర్చుకన్నా ఎక్కువ. పిల్లలు, ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు మొదటి నెలలోనే తగ్గిపోతారు. మూడు మార్గాల్లో దీన్ని నేను ఆఖరున పెడతాను.

ఆరుబయట రంగస్థలం చవకే, వానాకాలం పనికిరాదు. ప్రైవేటు ఫంక్షన్ హాలు మాట చిన్న సంఘాలకు అనవసరం. బడి హాలు దొరికితే మంచిదే, పరీక్షల రోజుల్లో ఇవ్వరు.

మీ ఊరి హాలు కాంక్రీటుదై, పరీక్షలో తప్పితే కొత్తదే కట్టించుకోండి. అయితే మూడు వందల సీట్లు చాలనండి, పెద్ద కిటికీలు అడగండి, ఏసీ లేకుండా కూడా నడిచేలా గీయించండి. పాతదాన్ని ఉంచినా, కొత్తది కట్టినా కౌన్సిల్ తీర్మానంలో రెండు సంగతులు రాయించాలి. నెలవారీ నిర్వహణ ఖర్చు ఎంత, ఏ పద్దు నుంచి కడతారు అన్నది మొదటిది. నెలలో ఎన్ని సాయంత్రాలు స్థానిక సంఘాలకు కేటాయిస్తారు, ఏ అద్దెకు అన్నది రెండోది. మా అర్జీలో పది సాయంత్రాలు, రెండు వేలు మించని అద్దె అని రాశాం. నోటిమాటగా ఒప్పుకున్నామంటే సరిపోదు. తీర్మానంలో ఉంటే కమిషనరు మారినా కాగితం చూపించి అడగగలం.